ఉప్పుకు దగ్గరి చుట్టం

ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే లిథియం మాత్ర అంత చవకైతే మానసిక వైద్యానికి ప్రభుత్వం ప్రత్యేకంగా నిధులు ఎందుకివ్వాలని ఒక పాఠకురాలు అడిగారు. మాత్ర చవకే. దాన్ని ప్రాణాపాయం లేకుండా ఏళ్ల తరబడి వాడించడానికే ఖర్చవుతుంది, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని నా గట్టి అభిప్రాయం.

ఆవర్తన పట్టికలో సోడియానికి సరిగ్గా పైగడిలో ఉండేది లిథియం. పట్టికను పిల్లల చేత బట్టీ పట్టించే మనం, ఆ పొరుగుతనం మూత్రపిండంలో ఏం చేస్తుందో చెప్పం. వడపోతలో దిగిన లిథియంలో ఎక్కువ భాగాన్ని మూత్రనాళిక తొలి మలుపుల్లో, సోడియం వెళ్లే ద్వారాల గుండానే, మూత్రపిండం మళ్లీ రక్తంలోకి చేరుస్తుంది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే సోడియాన్ని కాపాడుకోవడానికి ఈ పని ముమ్మరమై, వేసుకునే మాత్రలు మారకపోయినా రక్తంలో లిథియం పేరుకుంటుంది. అది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే చేతుల వణుకు, వాంతులు, తూలు నడక, మాట తడబాటు కనిపిస్తాయి.

మే నెలలో రెంటచింతలలో పొలం పనికి వెళ్లే మనిషికి చెమటతోనే ఉప్పు పోతుంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనుక్కున్న డైక్లోఫెనాక్ లిథియాన్ని ఇంకా పెంచుతుంది. మనిషి తూలుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించి, చప్పిడి పత్యం పెడతారు. ప్రేమతో పెట్టే ఆ ఉప్పులేని కూడు లిథియం వాడేవారికి కీడు చేస్తుంది. 1949లో అమెరికాలో లిథియం క్లోరైడును ఉప్పుకు బదులుగా అమ్మినప్పుడు, ఉప్పు మానిన గుండెజబ్బువారిలో కొందరు చనిపోయారు. ఉన్మాదాన్ని లిథియం తగ్గిస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించినదీ ఆ ఏడాదే.

కాబట్టి రక్తపరీక్ష తప్పదు. రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకున్నవారికి 12 గంటల తరువాత, ఉదయం 9కి, పొద్దుటి మాత్రకు ముందే రక్తం తీయాలి. అందుకు జిల్లా కేంద్రానికి రావలసివస్తే కూలి పోతుంది, తొలి బస్సు తప్పితే లెక్క కూడా తప్పుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యసేవను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. ఆ హక్కు ఊరి దాకా చేరాలంటే రక్తం తీసే నర్సుకూ, నమూనాను చేరవేసే బండికీ, పరీక్షించే యంత్రానికీ బడ్జెట్‌లో పద్దు ఉండాలి.

పరిశోధన సంగతీ ఇంతే. కణాల లోపల సంకేతాలు నడిపే జీఎస్‌కే-3 అనే ఎంజైమును, ఇనోసిటాల్ చక్రమనే రసాయన చర్యల వరుసను లిథియం అడ్డుకుంటుందని తెలుసు కానీ, అది కొందరికే ఎందుకు బాగా పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు. మూలకం మీద పేటెంటు రాదు కనుక, ఎండలో పనిచేసేవారికి సరైన మోతాదెంతో వేలమందిని ఏళ్లపాటు గమనించి తేల్చే పనికి ఏ కంపెనీ అయినా పెట్టుబడి పెడుతుందని ఆశించలేం. ఆ డబ్బు ప్రజల ఖజానా నుంచే రావాలి. ఈలోగా ఏప్రిల్, మే నెలల్లో లిథియం వాడే ప్రతి మనిషికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసే ఏర్పాటును వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు.