నీలి మంటకు పొగ లేదా?

చలి మొదలైందంటే నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల దుకాణాల ముందు గ్యాస్ గీజర్ల అట్టపెట్టెలు పేరుస్తారు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి ఊదేవాళ్లు టౌనులో తగ్గిపోయారు. కరెంటు గీజరైతే నీళ్లు కాగేదాకా ఆగాలి, పైగా బిల్లు టెన్షన్. గ్యాస్ గీజర్‌కు ఆ బాధ లేదు. నల్లా తిప్పగానే మంట అంటుకుంటుంది, వెంటనే వేడినీళ్లు. "పొగ రాదు సార్, నీలి మంట చూడండి" అంటాడు షాపతను. అబద్ధమేం కాదు, కంటికి కనిపించే పొగ నిజంగానే రాదు. కనిపించని వాటి గురించి అతను చెప్పడు, మనమూ అడగం.

ఎల్పీజీ అంటే ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. గాలి సరిపడా అందితే అవి పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అవుతాయి. గాలి చాలకపోతే పని సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే ముక్కుకు తెలియాలని గ్యాస్‌లో ఘాటైన మెర్కాప్టాన్ కలుపుతారు గానీ, మంటలో అదీ కాలిపోతుంది కాబట్టి ఇక్కడ అక్కరకు రాదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, కాళ్లు తేలిపోవడం. లేచి తలుపు తీద్దామనుకునేసరికి ఒంట్లో సత్తువ ఉండదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న బాత్‌రూమ్‌లో పట్టే గాలి దాదాపు 8 ఘనపు మీటర్లు. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల మేర వేడెక్కించే గీజర్ గంటకు ఇంచుమించు కిలో గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే పది నిమిషాల స్నానానికి 2 ఘనపు మీటర్లు, గదిలో ఉన్న గాలిలో నాలుగో వంతు. చలి అని కిటికీ మూసి, తలుపు సందులో గుడ్డ కుక్కితే ఆక్సిజన్ 21 శాతం నుంచి 16 దగ్గరికి దిగుతుంది. అంతదాకా వెళ్లకముందే మంట కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదలడం మొదలుపెడుతుంది. స్నానానికి వెళ్లి స్పృహ తప్పినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు మన దేశంలో ఎంతమంది ఆసుపత్రులకు చేరారంటే, వైద్య పత్రికల్లో దీనికి 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అనే పేరే స్థిరపడింది.

ఇది గాలి చాలనప్పటి సంగతి. గాలి పుష్కలంగా ఉన్నా ఇంకో తంటా ఉంది. గాలిలో 78 శాతం ఉండే నైట్రోజన్ మామూలుగా దేని జోలికీ పోదు. మంటలో వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం అది విడిపోయి ఆక్సిజన్‌తో జతకట్టి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఈ రసాయన చర్యను 1940ల్లో వివరించినవాడు సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్దోవిచ్. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను నేరుగా గాయపరుస్తుంది. బయటికి పోయిన నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో, పెట్రోలు ఆవిరుల వంటి వాటితో కలిసి నేల దగ్గరే, ఊపిరికి చెరుపు చేసే ఓజోన్‌ను పుట్టిస్తాయి. అమ్మోనియా తగిలితే సన్నటి నైట్రేట్ ధూళిగా మారతాయి.

బర్నర్ తయారుచేసే ఇంజినీర్లకు అసలు తలనొప్పి ఇక్కడే. కార్బన్ మోనాక్సైడ్ రాకూడదంటే మంట బాగా వేడిగా, పూర్తిగా మండాలి. అలా మండితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మంటను చల్లబరిస్తే ఇవి తగ్గి, అది పెరుగుతుంది. చివరికి వాళ్లు పట్టుకున్న కిటుకు ఏమిటంటే, గ్యాస్‌ను ముందే అవసరానికి మించిన గాలితో కలిపి, ఒకచోట పొడవుగా లేచే మంటకు బదులు జల్లెడ లాంటి పళ్లెం మీద పొట్టి మంటలుగా పరచడం. ఎక్కువైన గాలి కొంత వేడిని పీల్చుకుంటుంది, మంట మరీ వేడెక్కదు. అయినా గ్యాస్ పూర్తిగానే కాలుతుంది.

ఈ కిటుకును ఇళ్లదాకా తెచ్చింది నిబంధనలే. లాస్ ఏంజిలిస్ ప్రాంతపు వాయు నాణ్యత సంస్థ 1978లోనే ఇంటి వాటర్ హీటర్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి పెట్టింది. నీళ్లకు చేరిన ఒక్కో జౌల్ వేడికి 40 నానోగ్రాములు మించకూడదన్నారు (జౌల్ వేడిని కొలిచే ప్రమాణం, నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు), తర్వాత దాన్ని 10కి దించారు. కొలిచే పద్ధతిలోనే తెలివి ఉంది: చిమ్నీ నుంచి ఎంత వచ్చిందని కాక, నీళ్లకు చేరిన వేడికి ఎంత వచ్చిందని అడుగుతారు. కాబట్టి వేడిని వృథా చేసే హీటర్ తప్పించుకోలేదు. నలుగురున్న ఇంట్లో రోజుకు 80 లీటర్లను 20 డిగ్రీలు వేడెక్కిస్తే 40 నానోగ్రాముల లెక్కన పావు గ్రాముకు కాస్త పైన తేలుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. లక్ష ఇళ్లయితే రోజుకు 27 కిలోలు, అదీ పొద్దున పొద్దున్నే, ఇళ్ల మధ్యన, ఎత్తు లేని గొట్టాల నుంచి. ఐరోపా కూడా 2018 సెప్టెంబరు నుంచి గ్యాస్ బాయిలర్లకు కిలోవాట్ అవర్‌కు 56 మిల్లీగ్రాముల హద్దు గీసింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు సంస్థ 2023లో ఇంకా ముందుకెళ్లి, 2027 నుంచి ఇళ్లకు అమ్మే చిన్న హీటర్లు ఈ వాయువులను అసలే వదలకూడదని తీర్మానించింది. గ్యాస్‌కు మెల్లగా సెలవు చెప్పించే అలాంటి ప్రతిపాదనే లాస్ ఏంజిలిస్ వైపు 2025 జూన్‌లో 7-5 ఓట్లతో వీగిపోయింది. ఖర్చు భయం అక్కడా ఉంది.

మన దగ్గర బాయిలర్ల చట్టం 1923 నాటిది, 2025లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. రెండింటి భయమూ పేలుడు గురించే గానీ పొగ గురించి కాదు. 25 లీటర్ల లోపు పాత్ర, 100 డిగ్రీలకు తక్కువ వేడెక్కే నీళ్లు ఆ లెక్కలోకే రావు. అంటే గోడకు వేలాడే గీజర్ దాని పరిధిలో లేదు.

పొగ సంగతి చూసేది పర్యావరణ నిబంధనలు. అవి మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల మీద పనిచేస్తాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లను నానబెట్టి ఆవిరి పట్టడానికి ఆ మిల్లులు ఊకనే కాలుస్తాయి. క్వింటాల్ వడ్లకు 20 కిలోల దాకా ఊక, ఆ ఊక కాలితే 4 కిలోల దాకా బూడిద. అందులో అధిక భాగం సిలికా. డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కాపై పడిన నల్లటి నలుసును భూతద్దంలో చూడండి, ఊక గీతలు గీతలుగా అలాగే కనిపిస్తుంది, వేలితో నలిపితే పొడైపోతుంది. చిన్న బాయిలర్లకు పెట్టిన సాధారణ ప్రమాణాల ప్రకారం గంటకు 2 టన్నుల లోపు ఆవిరి ఇచ్చే బాయిలర్ ఘనపు మీటరు పొగలో 1,200 మిల్లీగ్రాముల ధూళి వదలొచ్చు, 2 నుంచి 10 టన్నులదైతే 800, 15 టన్నులు, ఆపైన ఉంటే 150 మాత్రమే. ఫ్యాన్ పెట్టి మామూలు గాలి కలిపి పొగను పలచన చేసే తెలివితేటలు చెల్లకుండా, పొగలో 12 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటే ధూళి ఎంత ఉండేదో ఆ లెక్కకు కొలతను సరిచేయాలన్న షరతు పెట్టారు. ఆ షరతు నాకు నచ్చుతుంది. చిన్న బాయిలర్‌కు అంత వెసులుబాటు ఇవ్వడం మాత్రం నచ్చదు, ఎందుకంటే ఒకే ఊళ్లో చిన్నవి పక్కపక్కనే ఉంటే ఊపిరి పీల్చేవాడికి అవన్నీ కలిసి ఒక పెద్ద బాయిలరే. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్గొండ కూడా ఉంది.

గీజర్ కొనక తప్పదనుకుంటే ఐఎస్ఐ గుర్తు, దాని కింద 15558 అన్న నంబరు ఉన్నాయో లేదో చూడాలి. బాత్‌రూమ్ లోపల కాక వరండాలోనో, గాలి ఆడే వెనక వైపునో బిగించి వేడినీళ్లను పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని లోపలే పెట్టుకుంటే లాభం లేదు, బయటి గాలి వచ్చే దారి లేనప్పుడు ఆ ఫ్యాన్ గొట్టంలో పైకి పోవాల్సిన పొగను వెనక్కి గుంజుతుంది. మంట పసుపు రంగుకు తిరిగినా, గీజర్ పైభాగం మసిబారినా వెంటనే ఆపేసి మెకానిక్‌ను పిలవాలి.

కరెంటు గీజర్‌కు మారితే మంట ఇంట్లోంచి పోతుంది గానీ, మాయమైపోదు. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటులో బొగ్గు కాలుతూనే ఉంటుంది. అదే యూనిట్ కరెంటుతో హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని కూడా లాక్కొచ్చి మూడు యూనిట్ల దాకా వేడిని నీళ్లకు ఇస్తుంది, వెచ్చటి మన వాతావరణంలో ఇంకా తేలిగ్గా. ధర మాత్రం చాలా ఎక్కువ. పాలమూరు, నల్గొండ ఎండలకు డాబా మీద సోలార్ హీటర్ ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, మబ్బు పట్టిన రోజున లోపలి కాయిల్ స్విచ్ వేసుకుంటే చాలు.