స్లాబులో రాడ్డు ఎక్కడుంది?

125 మిల్లీమీటర్ల మందంతో వేసిన కాంక్రీట్ స్లాబు చదరపు మీటరుకి దాదాపు 310 కిలోలు తూగుతుంది. అదే చదరపు మీటరు మీద మనుషులు, మంచాలు, బీరువాలు అన్నిటికీ కలిపి నివాస గృహాల డిజైన్‌లో మామూలుగా లెక్కగట్టే బరువు 200 కిలోలు. అంటే స్లాబు తన బలంలో పెద్ద వాటాని తనని తాను మోసుకోవడానికే ఖర్చు పెడుతుంది. "ఎందుకైనా మంచిది, ఇంకో రెండంగుళాలు మందం పెంచేద్దాం" అనే ఆలోచన అందుకే పైకి కనిపించినంత మంచిది కాదు. ఆ రెండంగుళాలకి చదరపు మీటరుకి మరో 125 కిలోలు పెరుగుతుంది. ఆ బరువు స్లాబుతో ఆగదు, బీములకీ పిల్లర్లకీ పునాదికీ దిగుతుంది.

స్లాబు గురించి అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: స్టీలు ఎంత పడింది? ఎన్ని కిలోలు, ఎన్ని ఎంఎం రాడ్లు, ఎంత దూరానికి ఒకటి? అడగాల్సినవే. కానీ నన్నడిగితే వాటికంటే ముందు అడగాల్సింది, ఆ రాడ్డు స్లాబు మందంలో ఏ ఎత్తున కూర్చుంది అని. కాంక్రీటు పోశాక ఎవరికీ కనపడని ఆ కొలత మీదే స్లాబు బలం, ఆయుష్షు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

రెండు బీముల మధ్య ఉన్న స్లాబు బరువుకి కిందికి వంగుతుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది కానీ లాగితే ఓర్చుకోలేదు. నొక్కుడుకి తట్టుకునే దాంట్లో సుమారు పదోవంతు లాగుడుకే పగిలిపోతుంది. అందుకే సాగే వైపు స్టీలు పెడతారు. ఈ రెండు పదార్థాలకీ కుదిరిన జోడీ నిజంగా అపురూపమైనది. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు పొడవు స్టీలు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, కాంక్రీటు దాదాపు 10 మైక్రాన్లు. ఈ తేడా ఎక్కువుంటే ఎండా చలి మార్పులకే రెండూ ఒకదాన్నొకటి వదిలేసేవి.

రాడ్డు ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి మాత్రం కొంత కాలం పట్టింది. ఇంగ్లండులో విలియం విల్కిన్సన్ 1854లోనే కాంక్రీటు నేలల్లో ఇనప తీగల తాళ్లు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే 1867లో మొక్కల తొట్లకి పేటెంటు పొందాడు. మోనియే పద్ధతిలో ఇనుము మందానికి నడిమధ్యన ఉండేది. తొట్టికి అది సరిపోతుంది. వంగే స్లాబులో అయితే నడిమి పొర దగ్గర సాగుడూ నొక్కుడూ రెండూ నామమాత్రమే, అక్కడ పెట్టిన ఇనుముకి పెద్దగా పని ఉండదు. ఇనుము సాగే వైపున ఉండాలని, ఎంత ఉండాలో ఫలానా విధంగా లెక్క కట్టవచ్చని జర్మన్ ఇంజనీరు మథియాస్ కోనెన్ 1886లో ప్రచురించాడు. ఈ రోజుకీ స్లాబు లెక్కకి మూలసూత్రం అదే.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. ఎదురెదురు గోడల మధ్య 3.5 మీటర్ల దూరం, స్లాబు మందం 125 మిల్లీమీటర్లు అనుకుందాం. సొంత బరువు 310 కిలోలు, టైల్స్, ప్లాస్టరు వగైరాకి 100, వాడకానికి 200, మొత్తం చదరపు మీటరుకి 610 కిలోలు. దీన్ని భద్రత కోసం ఒకటిన్నర రెట్లు చేస్తారు. దాంతో మీటరు వెడల్పు స్లాబుకి నడిమధ్యన సుమారు 14 కిలోన్యూటన్ మీటర్ల వంపు, అంటే స్లాబుని వంచే ప్రభావం, వస్తుంది (కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు). దాన్ని ఎదిరించేది రాడ్ల లాగుడు. ఆ లాగుడు ఎంత గట్టిదైనా, పైనున్న కాంక్రీటు నొక్కుడుకీ దానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నదే బలాన్ని తేలుస్తుంది. లాగుడుని ఎడంతో గుణిస్తే స్లాబు బలం. రాడ్డు పైఅంచు నుంచి 100 మిల్లీమీటర్ల లోతున ఉంటే ఆ ఎడం సుమారు 90 మిల్లీమీటర్లు వస్తుంది, 8 ఎంఎం రాడ్లు 140 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున సరిపోతాయి. అవే రాడ్లు 20 మిల్లీమీటర్లు పైకి లేచిపోతే ఎడం 70కి పడిపోతుంది. బలం ఐదోవంతుకి పైగా పోయింది. రాడ్లలో ప్రతి ఐదోదాన్ని పీకి పక్కన పడేసినా నష్టం దాదాపు ఇంతే. తూకం వేస్తే మాత్రం స్టీలు అంతే ఉంటుంది, బిల్లులో ఏ తేడా రాదు.

స్లాబు ఒక్క గదితో అయిపోకుండా బీము మీదుగా పక్క గదిలోకి సాగినప్పుడు కథ తిరగబడుతుంది. గదుల మధ్యలో కిందికి వంగిన స్లాబు, బీము మీదకి వచ్చేసరికి వీపు పైకెత్తుతుంది. అక్కడ సాగేది పైభాగం. కాబట్టి రాడ్లు పైన ఉండాలి. కింది రాడ్డునే బీముకి కాస్త ముందు క్రాంక్ వంచి పైకి తీసుకెళ్లడం పాత పద్ధతి. ఇప్పుడు చాలామంది పైన విడిగా తిన్నటి రాడ్లు వేసి, బీముకి అటూ ఇటూ గది కొలతలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పొడిగిస్తారు. ఈ పై రాడ్లు కిందికి జారినంత మాత్రాన స్లాబు వెంటనే కూలిపోదు. బీము మీద నేల వెంట ఒక పగులు వస్తుంది, అక్కడ మోయలేని భారాన్ని స్లాబు గది మధ్యకి నెట్టేస్తుంది. ఇలా భారాన్ని సర్దుకునే గుణం కాంక్రీటు స్లాబులకి పెద్ద వరం. ఏ గీతల వెంట స్టీలు లొంగిపోతుందో ఊహించి దాన్నుంచి కూలే భారాన్ని లెక్కగట్టే పద్ధతిని డెన్మార్క్ ఇంజనీరు యోహాన్సెన్ 1940లలో పూర్తిస్థాయిలో తయారుచేశాడు.

బాల్కనీకి ఆ వరం లేదు. ఒక వైపే పట్టు, రెండో వైపు గాలి. సర్దుకోవడానికి ఇంకో చోటు లేదు. బాల్కనీ అంతటా సాగేది పైభాగమే కాబట్టి మెయిన్ రాడ్లు పైనే ఉండాలి. పైగా అవి వెనక గది స్లాబులోకి, బాల్కనీ పొడవుకి ఒకటిన్నర రెట్లయినా వెళ్లాలి. రాడ్లు కట్టేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. తెల్లారి కాంక్రీటు గంపలు మోస్తూ, పైపు లాగుతూ, వైబ్రేటర్ పట్టుకుని పదిమంది ఆ రాడ్ల మీదే నడుస్తారు. కింద చైర్లు (పై రాడ్లని ఎత్తులో నిలిపే వంచిన రాడ్డు ముక్కలు) లేకపోతే 8 ఎంఎం రాడ్డు మనిషి బరువుకి నిలవదు, వంగి సెంట్రింగ్ రేకు మీద పడుకుంటుంది.

ఇందులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది, ఈ తప్పు సెంట్రింగ్ విప్పిన రోజున బయటపడకపోవచ్చు. 125 మిల్లీమీటర్ల మందం, 1.2 మీటర్ల పొడవున్న బాల్కనీని తీసుకోండి. సొంత బరువు, టైల్స్, అంచున మీటరెత్తు పిట్టగోడ కలిపితే మొదట్లో వచ్చే వంపు మీటరు వెడల్పుకి 5 కిలోన్యూటన్ మీటర్లకి కాస్త ఎక్కువ. ఎక్కడా పగలని మామూలు కాంక్రీటు, రాడ్ల సాయం లేకుండానే, 7 దాటి తట్టుకోగలదు. అంటే పైన ఒక్క రాడ్డూ లేని బాల్కనీ కూడా నిలబడుతుంది! ఆరిపోతూ కుంచించుకున్న కాంక్రీటు ఒకరోజు గోడ అంచున సన్నగా పగిలితే, లేదా పదిమంది ఒకేసారి వచ్చి నిలబడితే, ఆ 7 కాస్తా సున్నా అవుతుంది. పగులుని దాటి పట్టుకునే రాడ్డు లేదు. ముందుగా కుంగడం, చప్పుడు లాంటి హెచ్చరికలేవీ ఉండకపోవచ్చు.

నాలుగు వైపులా బీములున్న గదిలో ఇంకో చిన్న వివరం ఉంటుంది. స్లాబు రెండు దిక్కులా మోస్తుంది కానీ సమానంగా కాదు. ఒకే చోట రెండు దిక్కులా కుంగుడు ఒకటే కావాలి, కుంగుడేమో పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. కాబట్టి పొడవు వెడల్పుకి రెట్టింపైతే, పొట్టి దిక్కు 16 వంతులు మోస్తే పొడుగు దిక్కు ఒక్క వంతు మోస్తుంది. అందుకే రెట్టింపు దాటిన గదిని ఒకే దిక్కున మోసే స్లాబుగా లెక్కేస్తారు. రెండో దిక్కున వేసే డిస్ట్రిబ్యూషన్ రాడ్ల పని పగుళ్లని అదుపులో పెట్టడం, ఒకచోట పడిన బరువుని పంచడం. ఇక కింది వరసలో ఏ రాడ్లు అడుగున ఉండాలి? ఎక్కువ మోసే పొట్టి దిక్కువి. తారుమారైతే ఒక రాడ్డు మందమంత ఎడం పోతుంది. వంద మిల్లీమీటర్ల లోతులో ఎనిమిది అంటే చిన్నదేమీ కాదు.

బీములు లేకుండా నేరుగా పిల్లర్ల మీద కూర్చునే ఫ్లాట్ స్లాబుల్లో ఎత్తుల సంగతి ఇంకా సున్నితం. అమెరికాలో ఇంజనీరు టర్నర్ 1906లో, స్విట్జర్లాండులో ఇంజనీరు రాబర్ట్ మయార్ ఆ తర్వాత కొద్ది ఏళ్లకి ఇలాంటివి కట్టారు. ఇద్దరూ పిల్లరు తలని గొడుగులా విప్పార్చారు, కారణం ఉంది. చుట్టూ ఉన్న గది భారమంతా పిల్లరు చుట్టూ ఉన్న కొద్దిపాటి కాంక్రీటు గుండానే దిగాలి. అక్కడ బలం చాలకపోతే పెన్సిలు కాగితాన్ని పొడిచినట్టు పిల్లరు స్లాబుని పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. దీన్నే పంచింగ్ అంటారు. ఒక పిల్లరు దగ్గర పోతే దాని భారం పక్క పిల్లర్ల మీద పడుతుంది, అవీ అలాగే పోతాయి. సియోల్‌లోని సాంపుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ 1995 జూన్ 29న ఇలాగే కూలింది, 502 మంది చనిపోయారు. డిజైన్‌లో కంటే సన్నటి పిల్లర్లు, తర్వాత చేర్చిన అంతస్తు, పైకప్పు మీద బరువైన ఏసీ యంత్రాలు అన్నీ కలిసి కారణాలయ్యాయి. 1997 మార్చిలో ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో పైపర్స్ రో కార్ పార్కు పై స్లాబు కూడా పంచింగ్‌తోనే పడిపోయింది. రాత్రి పూట కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఫ్లాట్ స్లాబు పిల్లరు మీదుగా వెళ్లే పై రాడ్లు పంచింగ్ జరిగాక పెద్దగా ఆదుకోవు. స్లాబు కిందికి దిగుతుంటే పైనున్న పల్చటి కాంక్రీటుని చీల్చుకుంటూ అవి బయటికి వచ్చేస్తాయి. కింది రాడ్లలో కనీసం కొన్ని పిల్లరు లోపలి గుండా నిరాటంకంగా వెళ్లి ఉంటే, అవి కూలిన స్లాబుని పట్టుకుని వేలాడదీసి ఉంచుతాయి, కింది అంతస్తు మీద పడనివ్వవు. మామూలు లెక్కలో పిల్లరు దగ్గర కింది రాడ్లకి పనే లేదు. అయినా అవి అక్కడ ఉండాలి. డ్రాయింగులో ఒక్క గీత ఖరీదు మనుషుల ప్రాణాలంత ఉండే చోటు ఇది.

బలం సంగతి అలా ఉంచితే, రాడ్డు ఎత్తుకి ఆయుష్షుతో కూడా లంకె ఉంది. కొత్త కాంక్రీటు బాగా క్షారగుణం కలది, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ వాతావరణంలో స్టీలు మీద పల్చటి రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి చేరుతూ ఆ క్షారాన్ని హరిస్తుంది. పీహెచ్ 9 కంటే కిందికి దిగిన పొర రాడ్డుని చేరితే రక్షణ పోయినట్టే. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కింద ఉన్న కవర్‌ని, అంటే రాడ్డుని కప్పి ఉంచే కాంక్రీటుని, పెచ్చులుగా ఊడదీస్తుంది. క్షారం పోయిన పొర లోతు కాలపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. మొదటి 10 మిల్లీమీటర్లకి పదేళ్లు పట్టే కాంక్రీటులో 20కి చేరడానికి నలభై ఏళ్లు పడుతుంది. కవర్ బ్లాకులు (రాడ్డు కింద ఆ ఖాళీ ఉంచే చిన్న దిమ్మెలు) జారి 20 ఉండాల్సిన కవర్ 10 అయితే, తుప్పు మొదలవడానికి పట్టే కాలం సగానికి కాదు, నాలుగో వంతుకి తగ్గుతుంది. రాడ్డు కిందికి జారితే ఎడం పెరిగి బలం పెరిగినట్టే కదా అనుకునేవాళ్లకి జవాబు ఇదే.

మందం ఎంతుండాలన్నది చాలాసార్లు బలం కంటే కుంగుడే తేలుస్తుంది. అందుకే ప్రమాణాలు పొడవుని రాడ్డు లోతుతో భాగించి హద్దులు పెడతాయి: మామూలు స్లాబుకి 20, పక్క గదుల్లోకి సాగే దానికి 26, బాల్కనీ లాంటి వాటికి 7. వీటిని స్టీలు శాతాన్ని బట్టి కొంత సవరిస్తారు. కాంక్రీటు బరువు కింద ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది కాబట్టి, మొదటి రోజు కుంగుడు చివరికి రెండు మూడు రెట్లు అవుతుంది. సెంట్రింగ్ తొందరపడి విప్పితే ఇది ఇంకా ఎక్కువ.

కాంక్రీటు పోసే ముందు రోజు చూడాల్సింది ఎక్కువ లేదు కానీ టేపు పట్టుకుని వంగి చూడాలి. సెంట్రింగ్ రేకు నుంచి కింది రాడ్డుకి కవర్ బ్లాకు మందం ఉందా, పై రాడ్లకి మీటరు లోపే చైర్లు ఉన్నాయా, ఆ చైరు ఎత్తు స్లాబు మందం లోంచి పై కవర్‌నీ పై రాడ్డు మందాన్నీ తీసేస్తే వచ్చేదేనా. కరెంటు పైపులు రెండు వరసల రాడ్ల మధ్య నుంచి వెళ్లాలి. గుత్తులు గుత్తులుగా ఒకచోట చేరకూడదు, ఒకదాని మీదొకటి ఎక్కి పై రాడ్లని నెట్టకూడదు. మనుషులు నడవడానికి రాడ్లకి తగలకుండా పలకలు వేయించాలి. పోస్తున్నంతసేపూ ఒక మనిషి అదే పనిగా బాల్కనీల దగ్గర, బీముల మీద ఉండి దిగిపోయిన రాడ్లని పైకి లేపుతూ ఉంటే ఇంకా మేలు.

ఆ తర్వాత అనుమానం వస్తే కవర్ మీటర్ ఉంది. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఈ చిన్న పరికరం స్లాబుని పగలగొట్టకుండానే రాడ్డు ఎంత లోతున ఉందో కొన్ని మిల్లీమీటర్ల తేడాతో చెబుతుంది. బాల్కనీలో పై రాడ్లు దిగిపోయాయని తేలితే పైన గాడులు కోసి కొత్త రాడ్లు ఎపాక్సీ జిగురుతో అతికించడం, కార్బన్ ఫైబర్ పట్టీలు వేయడం, లేదా కింద ఆసరాగా బ్రాకెట్లు కట్టడం లాంటి దారులున్నాయి. దేనికైనా ముందు బాల్కనీ కింద జాకీలు నిలబెట్టి, మనుషుల్ని దాని మీదకి పోనివ్వకుండా ఆపాలి.