సూదులన్నీ అయ్యేదాకా ఆగకండి: టెర్రియర్ కుక్కపిల్లల మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో నా పశువైద్య క్లినిక్‌కి నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇలాంటి పిల్లని తీసుకొస్తారు. ఐదు నెలల జాక్ రస్సెల్, టెర్రియర్లలో ఒక చిన్న జాతి కుక్కపిల్ల. బల్ల మీద పెట్టగానే తోక కాళ్ల మధ్య దోపుకుని, ఉచ్చ పోసేసి, గోడ వైపు తిరిగిపోతుంది. ఇంట్లో మాత్రం పిల్లిని తరుముతుందట, కోళ్లగూడు దగ్గర నుంచి కదలదట, పెద్ద కుక్కని పడుకోనివ్వదట. "బయట ఎప్పుడైనా తిప్పారామ్మా?" అంటే అందరిదీ ఒకటే మాట: "సూదులన్నీ అవలేదు కదండీ, తీస్తే పార్వో వచ్చేస్తాది కదా."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

ఆ భయంలో నిజం ఉంది. పార్వోతో నెత్తుటి విరేచనాలై, రెండు మూడు రోజుల్లోనే కళ్లు మూసిన పిల్లల్ని చూశాను. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకే భయపడేవాళ్లని తప్పుపట్టను. కానీ లెక్క చూడండి. కొత్త మనుషుల్ని, జంతువుల్ని, చప్పుళ్లని కుక్కపిల్ల తేలిగ్గా తనలో కలుపుకునే వయసు మూడో వారం నుంచి సుమారు 12–14 వారాల దాకానే. టీకాల వరస పూర్తయ్యేది 16 వారాలకి. ఆగుదాం అనుకునేసరికే ఆ వయసు దాటిపోతుంది. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది: మొదటి డోస్ టీకా, నట్టల మందు పడి కనీసం ఏడు రోజులైతే, ఏడెనిమిది వారాల పిల్లకి కూడా నలుగురినీ పరిచయం చేయడం మొదలుపెట్టొచ్చని.

టెర్రియర్‌కి ఇది ఇంకా ముఖ్యం. ఎలకల్ని చంపడానికి, నక్కల్ని బొరియల్లోంచి తరమడానికి తరతరాలుగా పెంచిన జాతి ఇది. చిన్నది ఏది పరిగెత్తినా దాని కంటికి వేటే. పిల్లి, కోడి మన ఇంటివే అని నేర్పాలంటే ఆ కొద్ది వారాలే మంచి అదను.

బయటికి తీయమంటే వీధిలో దించమని అర్థం కాదు. చంకనెత్తుకోండి, సంచిలో కూర్చోబెట్టుకోండి. సాయంత్రం గంటస్తంభం దగ్గర ఓ పక్కన పది నిమిషాలు నిలబడండి. ఆటో హారన్లు, ఆవులు, గొడుగులు, యూనిఫాం పిల్లలు అన్నీ కనిపిస్తాయి. ప్రతి కొత్త చప్పుడుకీ ఉడకబెట్టిన చికెన్ ముక్క ఒకటి. ముక్క తినడం మానేసిందంటే భయపడిందని అర్థం, వెనక్కి వచ్చేయండి. టీకాలేసిన కుక్క ఉన్న చుట్టాలింటికి తీసుకెళ్లండి. చెరువు గట్టు, చెత్తకుప్పలు, వీధికుక్కలు తిరిగే చోటు మాత్రం ఇప్పుడే వద్దు.

మా ఇంట్లోనూ ఒక టెర్రియర్ క్రాస్ ఉంది, కోళ్లూ ఉన్నాయి. తొమ్మిది వారాల పిల్లప్పుడు రోజూ పొద్దున్నే పట్టీ వేసి, గూడు వల ముందు ఐదు నిమిషాలు కూర్చునేవాణ్ణి. మొదటి రోజుల్లో ఒళ్లంతా బిగబట్టేసి, ఒక ముందుకాలు గాల్లోనే ఆపేసి చూసేది. చూపు తిప్పి నా వైపు చూసినప్పుడల్లా గుడ్డు ముక్క. వారం తిరిగేసరికి పెట్ట రెక్కలు టపటపలాడించినా అది నా చేతి వైపే చూడసాగింది. అయినా ఏడాది తర్వాత ఒక రోజు నేను ఫోన్లో ఉండగా పెట్ట గోడ మీంచి దూకింది. రెండు క్షణాల్లో అయిపోయింది. తప్పు నాది. అలవాటు చేసినంత మాత్రాన పుట్టుబుద్ధి పోదు. మనిషి లేనప్పుడు కోడినీ టెర్రియర్‌నీ ఒక చోట వదలొద్దు.

"ఒకే గదిలో పడేస్తే అవే సర్దుకుంటాయి" అన్నది ఇంకో అపోహ. పిల్లికి బీరువా పైనో అటక మీదో కుక్క ఎక్కలేని చోటు ఉండాలి, మొదట్లో పిల్లకి పట్టీ ఉండాలి. అన్నం గిన్నెలు వేర్వేరు చోట్ల పెట్టండి. పెద్ద కుక్క గుర్రుమంటే తిట్టకండి, "ఇక చాలు" అని అది చెప్పే పద్ధతి అదే. పిల్లని మీరే పక్కకి తీయండి.

"బాగా పరిగెత్తిస్తే అల్లరి తగ్గుతుంది" అని బండి వెనక పరిగెత్తించేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. ఈ వయసు పిల్ల రోజుకి 18 గంటలు నిద్రపోతుంది. అలసిపోతే ఇంకా ఎక్కువ కరుస్తుంది. ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి, ఏడాది నిండేదాకా ఎక్కువ దూరాలు పరిగెత్తించొద్దు. పాత తువ్వాలు మడతల్లో మేత దాచి వెతకనివ్వండి. పెరట్లో ఓ మూల ఇసక పోసి తవ్వుకోనివ్వండి, తవ్వడం దాని సంతోషం. ఎండాకాలం తారురోడ్డు మీద మీ చెయ్యి ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆనవు.

"ఇంటి పిల్లే కదా, పన్ను గీసుకుంటే ఏమవుతుంది" అనొద్దు. రేబిస్ టీకా పడేదే మూడు నెలలకి. సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పటికే ఐదు నెలలు దాటిపోయిందని టెన్షన్ పడేవాళ్లకి: దారి మూసుకుపోలేదు, ఓపిక ఎక్కువ కావాలి, అంతే. గేటు లోపల నుంచే మొదలుపెట్టండి. రోడ్డు మీద ఆటో పోతున్నా పిల్ల మీ చేతిలో ముక్క తింటోందంటే, మర్నాడు ఒక అడుగు బయటికి.