మైలుతుత్తం నీళ్ళలో రాగి తీగ

రాయగడలో మా వీధి పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ప్లస్ టూకి వచ్చాక నెర్న్‌స్ట్ సమీకరణం (ద్రావణం గాఢతకీ, అందులో ముంచిన లోహం చూపే వోల్టేజికీ ఉన్న సంబంధం) అంటే మాత్రం రెండు భాషల్లోనూ టెన్షనే. "సూత్రం బట్టీ పట్టాం మాస్టారూ, దీంతో ఏం కొలుస్తారు?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న.

పురుగుమందుల కొట్లో దొరికే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, తెచ్చి మూడు గ్లాసుల్లో మూడు గాఢతల్లో కలిపాం: 0.1 మోలార్, దానికి పదో వంతు, దానికీ పదో వంతు. గరుకు కాగితంతో రుద్దిన రాగి తీగ, పక్కన పోల్చి చూడడానికి వోల్టేజి మారకుండా నిలకడగా ఉండే సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్, మధ్యలో మిల్లీవోల్ట్ మీటర్. నెర్న్‌స్ట్ 1889లో చెప్పిన లెక్క ప్రకారం, రాగి అయానుకి (నీళ్ళలో ఆవేశంతో తిరిగే రాగి కణానికి) రెండు ఆవేశాలు కాబట్టి, 25 డిగ్రీల దగ్గర పది రెట్లు పలచన చేసిన ప్రతిసారీ వోల్టేజి 29.6 మిల్లీవోల్టులు తగ్గాలి. (మే నెలలో గది 35 డిగ్రీలుంటే అదే 30.6 అవుతుంది, అందుకే థర్మామీటర్ దగ్గర పెట్టుకోవాలి.)

తీరా చూస్తే మొదటిసారి తగ్గుదల 17 దగ్గరే ఆగింది, రెండోసారి 22. పిల్లలు మీటర్ పాడైందన్నారు. మీటర్ బాగానే ఉంది, తీగ కూడా. చిక్కటి ద్రావణంలో రాగి అయాన్లని సల్ఫేట్ అయాన్లు గట్టిగా లాగి పట్టుకుంటాయి, వాటికి స్వేచ్ఛ తగ్గిపోతుంది, తీగకి తెలిసేది ఆ స్వేచ్ఛే తప్ప మనం తూకం వేసి కలిపిన రాగి మొత్తం కాదు. దీన్నే పుస్తకాల్లో క్రియాశీలత అంటారు, నాకు ఈ సమీకరణంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. అందుకే నిజంగా కొలిచేటప్పుడు అన్ని గ్లాసుల్లోనూ పొటాషియం నైట్రేట్ లాంటి ఉప్పు ఒకే మోతాదులో, బాగా ఎక్కువగా కలిపి, గాఢత తెలిసిన ద్రావణాలతో ముందు గ్రాఫు గీత గీసుకుని, తర్వాతే తెలియని శాంపిల్ పెడతారు. ఒక్క మిల్లీవోల్ట్ తేడా వచ్చినా రాగి లెక్క 8 శాతం తప్పుతుంది.

నడిమి గ్లాసులో అమ్మోనియా వేశాం. నీళ్ళు ముదురు నీలమయ్యాయి, మీటర్ ఒక్కసారిగా కిందికి దిగింది. రాగి ఒక్క చుక్క కూడా ఎక్కడికీ పోలేదు, అమ్మోనియా చేతిలో చిక్కుకుంది అంతే.

"మరి మన నాగావళి నీళ్ళలో రాగిని ఇలాగే కొలవొచ్చా?" అంది మొదట ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి. అక్కడ ఉత్త తీగ పనికిరాదు: రాగి అంత తక్కువగా ఉన్నప్పుడు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, తీగ మీది తుప్పు పొర కలిసి వోల్టేజిని తమ వైపు లాగేస్తాయి. దానికి సల్ఫైడ్ పొర ఉన్న ప్రత్యేక ఎలక్ట్రోడ్ కావాలి. అదీ స్వేచ్ఛగా ఉన్న రాగినే చూస్తుంది, కుళ్ళిన ఆకుల పదార్థం పట్టుకున్నదాన్ని చూడదు. చేపలకి ఎక్కువ హాని చేసేదీ ఆ స్వేచ్ఛగా తిరిగే రాగే.