బస్సెక్కే ముందు చదువుకోండి

పిల్లలూ,

వచ్చే ఆదివారం మీ బస్సు బరంపురం నుంచి తెల్లవారుజామున 5:30కి బయల్దేరుతుంది. ముందు గోపాల్‌పూర్ తీరం, తరవాత ఋషికుల్య సముద్రంలో కలిసే చోటు, మధ్యాహ్నం వేడినీటి ఊట ఉన్న తప్తపాణి ఘాటు, అంటే కొండదారి. రానూపోనూ 180 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. దారి పొడుగునా గైడు మిమ్మల్ని ఇది వద్దు, అది వద్దు అంటూనే ఉంటాడు. ఎందుకు వద్దో చెప్పే తీరిక ఆ హడావిడిలో అతనికి దొరకదు. అందుకే ముందుగా రాస్తున్నాను. ఒకసారి చదివి, మీ పక్కసీటు వాళ్లకు కూడా వినిపించండి.

సముద్రం పొద్దున్నే ఎందుకంటే, ఫిబ్రవరిలోనైనా పదకొండు దాటితే ఇసుక కాళ్లు కాలుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లాగుతుంది, దాంతో కెరటాలు కూడా రేగుతాయి. ఇక ఘాటు దిగడం చీకటి పడకముందే అయిపోవాలి. ఈ రెండూ కుదరాలంటే మీ నిద్రలోంచే ఒక గంట కోసుకోవాలి, వేరే దారి లేదు.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. ఆరింటికల్లా చేరితే సూర్యుడు నీళ్లలోంచి పైకి రావడం చూడొచ్చు. బస్సు దిగగానే నీటికేసి పరుగెత్తకండి. గట్టున నిలబడి పది నిమిషాలు సంద్రాన్ని చూడండి. పదే పదే కెరటాలు విరిగి తెల్లగా నురగ కడుతున్న చోటు చూసి భయమేస్తుంది. మధ్యలో ఒక పట్టీ మాత్రం కెరటం లేకుండా, కాస్త నల్లగా, నిమ్మళంగా కనిపిస్తుంది. అక్కడ దిగితే బాగుణ్ణనిపిస్తుంది. ప్రాణాలు తీసేది ఆ నిమ్మళంగా ఉన్న పట్టీయే.

ఎలాగో చెబుతాను. ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక దిబ్బ ఉంటుంది. కెరటాలు దాని మీద విరిగి నీటిని ఒడ్డువైపు తోస్తాయి. అలా పోగైన నీళ్లు వెనక్కి పోవాలి కదా, దిబ్బలో ఎక్కడ గండి ఉంటే అక్కడ ఒక్క పాయగా బయటికి లాక్కుపోతాయి. గండి దగ్గర లోతు ఎక్కువ కాబట్టి కెరటం విరగదు, అందుకే ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ లాగుడు ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటుంది. గజ ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు. మునిగిపోయేవాళ్లలో ఎక్కువమందిని ముంచేది లోతు కంటే అలసటే. తిన్నగా ఒడ్డుకే ఈదాలని ప్రయత్నించి, చేతులు పడిపోయి మునుగుతారు. పొరపాటున చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, అరవండి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువే, దాన్ని దాటాక కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. స్నేహితుణ్ణి నీళ్లు లాగేస్తుంటే మీరు వెనకే దూకకండి. బంతో, మూత బిగించిన ఖాళీ క్యానో, తేలేది ఏది దొరికితే అది విసిరి పెద్దవాళ్లను పిలవండి.

మీకు గీత మోకాలు. మోకాలు దాటి ఎవరూ దిగకూడదు. తూర్పుతీరంలో చాలాచోట్ల ఒడ్డు మెట్టులా ఉన్నట్టుండి దిగిపోతుంది. నడుం లోతు అనుకున్నది ఒక్క అడుగులో తలమునక అవుతుంది. పైగా వెనక్కిపోయే కెరటం కాళ్ల కింది ఇసుకను తోడేస్తుంది, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడతాడు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు మరీ ఎక్కువ. పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి నిన్న ఇదే వేళకు పొడిగా ఉన్న చోటు ఇవాళ నీళ్లలో ఉండొచ్చు. చెప్పులు, సంచులు తడి గీతకు బాగా ఎగువన పెట్టుకోండి.

తీరంలో నోలియాలు కనిపిస్తారు. ఒడిశాలో మన తెలుగు బెస్తవాళ్లను ఆ పేరుతో పిలుస్తారు. వాళ్ల ఇంటి భాష తెలుగే. ఆ నీటి సంగతి వాళ్లకు తెలిసినంతగా ఏ గైడుకూ తెలియదు. "తాతా, ఇవాళ లాగుడు ఎక్కడుంది?" అని తెలుగులోనే అడగండి. వేలెత్తి చూపిస్తారు. వాళ్లు వద్దన్నారంటే ఆ రోజుకు ఇసుకలో ఆటలే. పెద్దవల లాగుతుంటే తాడు దాటకండి, తాడు బిగిసినప్పుడు కాలు ఇరుక్కుంటే చర్మం ఊడిపోతుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పని ఒకటి చెబుతాను. ఒక ఖాళీ అగ్గిపెట్టె, చిన్న అయస్కాంతం, భూతద్దం ఉంటే అదీ తెచ్చుకోండి. గోపాల్‌పూర్ ఇసుకలో కెరటం వెనక్కిపోయిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. మురికి అనుకుంటారు చాలామంది. పిడికెడు తీసి, ఎండకు ఆరనిచ్చి, తెల్ల కాగితం మీద పల్చగా పరవండి. పసుపు కలిసిన తెల్లటివి ఎక్కువ, అవి క్వార్ట్జ్ రేణువులు. నల్లగా మెరిసేవి ఇల్మనైట్. గులాబీ ఎరుపులో, దానిమ్మ గింజ ముక్కల్లా కనబడేవి గార్నెట్, మన నవరత్నాల్లోని గోమేదికం ఆ జాతిదే. అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుక మీద తిప్పితే కొన్ని నల్ల రేణువులు మీసాల్లా పట్టుకుంటాయి. అవి మాగ్నటైట్. కవరు లేకుండా నేరుగా ముట్టించారంటే ఆ రేణువులు వారం రోజులైనా అయస్కాంతాన్ని వదలవు. చారలు ఎందుకు కడతాయంటే క్వార్ట్జ్ నీటికంటే 2.65 రెట్లు బరువు, గార్నెట్ 4 రెట్లు, ఇల్మనైట్ 4.7 రెట్లు. కెరటం తేలికదాన్ని ఈడ్చుకుపోతుంది, బరువుది అక్కడే మిగులుతుంది, మీ అమ్మమ్మ చేటలో బియ్యం చెరిగినట్టే. ఛత్రపురం దగ్గర ప్రభుత్వ కర్మాగారం ఈ ఇసుక నుంచే ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు వేరుచేస్తుంది. అగ్గిపెట్టె నిండా ఇసుక తీసుకుని జేబులో వేసుకోండి. మధ్యాహ్నం దానితో పనుంది.

8:30కి బస్సు కదులుతుంది. ఎక్కేముందు కాళ్ల ఇసుక దులుపుకోండి. మెట్ల మీద ఇసుక పడితే జారేది మీ వెనకవాళ్లే.

ఋషికుల్య దరింగిబాడి కొండల్లో పుట్టి 165 కిలోమీటర్లు నడిచి గంజాం ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది ఎదురుగా తిన్నగా సముద్రంలోకి దూకదు, ఒక ఇసుక నాలుక వెంట పక్కకు తిరిగి కలుస్తుంది. నైరుతి రుతుపవనాల కెరటాలు ఒడ్డుకు ఏటవాలుగా తగిలి ఇసుకను ఏటా ఉత్తరానికి జరుపుతూ ఉంటాయి, అందుకే ఆ నాలుక పెరుగుతుంది, తెగుతుంది, నదీ ముఖం చోటు మారుస్తుంది. ఇసుక రాక తగ్గిన చోట సముద్రం ఒడ్డును తింటుంది. దగ్గర్లోని పోడంపేట అనే తెలుగు బెస్తల ఊళ్లో పాత ఇళ్లు చాలా అలాగే నీళ్లలో కలిసిపోయాయి, జనం వేరే చోటికి తరలాల్సొచ్చింది. మొండిగోడలు కనబడితే వాటి ముందు ఫోటోలకు నవ్వుతూ నిలబడకండి. అవి ఒకరి ఇళ్లు.

ఇక్కడికి దాదాపు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలల్లో, లక్షల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. శాస్త్రజ్ఞుల దృష్టికి ఈ చోటు వచ్చింది 1994లో. మీరు పగలు వెళ్తారు కాబట్టి తాబేళ్లు కనబడకపోవచ్చు, వాటి జాడ కనబడుతుంది. ముప్పావు మీటరు వెడల్పున ఇసుకలో ట్రాక్టరు టైరు పోయినట్టు ఉంటుంది. రెండు వైపులా ఉన్న కామా ఆకారపు గుర్తుల్ని జాగ్రత్తగా చూడండి, అవి ఎదురెదురుగా ఉండవు, ఒకటి ముందు ఒకటి వెనక ఉంటాయి. ఒక రెక్క తరవాత ఒక రెక్క వేస్తూ పాకిందన్నమాట. జాడ ఎక్కడ చెదిరి ఇసుక కలియబెట్టినట్టుందో దాని కింద మూరెడు లోతున వందకు పైగా గుడ్లుంటాయి. దాన్ని తొక్కవద్దు, కర్రతో పొడవవద్దు. పొదిగేది ఇసుక వేడే, 45 నుంచి 60 రోజులు. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురున్న వైపు నడుస్తాయి. చీకటి రాత్రుల్లో సముద్రపు అంచే అన్నిటికంటే వెలుగు. ఊరి దీపాలు అంతకంటే వెలిగితే అవి రోడ్డు మీదికి పోతాయి. మీరు తవ్విన గుంటను పూడ్చకుండా వదిలేస్తే అందులో పడి అక్కడే ఎండిపోతాయి. అందుకే ఇక్కడ గుంటలూ వద్దు, ఇసుక ఇళ్లూ వద్దు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ నదీ ముఖం దగ్గరి సముద్రంలో చేపల వేటకు నిషేధం ఉంటుంది. మన బెస్తవాళ్ల కుటుంబాలు ఆ ఏడు నెలల నష్టం మోస్తున్నాయి, ఈ తాబేళ్లు బతకడంలో వాళ్ల కష్టం చాలా ఉంది. ఒకవేళ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టే రోజులైతే అటవీ సిబ్బంది లోపలికి వెళ్లనివ్వరు. బతిమాలకండి, దూరం నుంచి నదిని చూసి వచ్చేయండి.

పదకొండుకు బయల్దేరితే వెనక్కి బరంపురం మీదుగా, దిగపహండి దాటి, ఒంటిగంటన్నర లోపు తప్తపాణి చేరతారు. బరంపురం నుంచి అది 50 కిలోమీటర్లు. చివర్లో ఘాటు మలుపులు, వాంతులు అక్కడే. కన్ను కదలని సీటునో ఫోనునో చూస్తుంటుంది, చెవి లోపలి భాగమేమో ఊగుతున్నామని చెబుతుంది. మెదడు ఆ రెంటి మధ్య తికమకపడి కడుపును తిప్పేస్తుంది. అలవాటు లేనివాళ్లు వెనక చక్రాలకు ముందున్న సీట్లలో కూర్చుని, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు చూడాలి. ఫోను, పుస్తకం రెండూ మూసెయ్యాలి. పొద్దున ఇడ్లీలు చాలు, పూరీలు వద్దు. భోజనం పైకి చేరాకే. తలా ఒక కవరు జేబులో ఉండాలి. తల మాత్రం కిటికీ బయటికి పెట్టకండి, మలుపులో ఎదురు లారీ అంగుళాల దూరంలో పోతుంది.

భోజనానికి పులిహోర మంచిది, చింతపండు పులుపు, నూనె కలిసి సాయంత్రం దాకా పాడవకుండా ఉంచుతాయి. కొబ్బరి పచ్చడి వద్దు, రెండు మూడు గంటలకే పాడవుతుంది. పెరుగన్నం కావాలంటే అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా వేసి కలపమనండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. బరంపురం అప్పడాలు నలిగిపోతాయని ఇంట్లో వదిలేయకండి, స్టీలు డబ్బాలో పెడితే నలగవు. మనిషికి 2 లీటర్ల నీళ్లు. ఎవరైనా ఎండకు వాడిపోతే లీటరు నీళ్లలో ఆరు తలకొట్టు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టండి. ఉప్పు ఎక్కువైతే మేలు జరక్కపోగా చెరుపు.

తప్తపాణి ఊట దగ్గర కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది. అది గంధకం వాయువు. వెండి పట్టీలు, గొలుసులు ముందే తీసి సంచిలో పెట్టండి, నల్లబడతాయి. ఇక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. వాన నీరు బండ పగుళ్లలోంచి చాలా లోతుకు దిగుతుంది, భూమిలో కిలోమీటరు దిగితే వేడి దాదాపు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది, అక్కడ కాగిన నీరు మరో పగులు దొరికి పైకొస్తుంది. అసలు ఊటలో చెయ్యి పెట్టకండి, స్నానానికి కట్టిన తొట్లలోనే దిగండి, అదీ పది నిమిషాలే. ఎక్కువసేపుంటే కళ్లు తిరుగుతాయి.

ఇప్పుడు అగ్గిపెట్టె తీయండి. రోడ్డు కోసం కొండను తెగ్గొట్టిన చోట, బస్సు ఆపి గైడు చూపిస్తేనే, తుప్పురంగు రాయి వెతకండి. ఇక్కడి ఖోండ్ గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఖొండలైట్ అని పేరు. దగ్గరగా చూస్తే అందులో ఎర్రటి గింజలు కనిపిస్తాయి, కొన్ని చోట్ల కందిగింజంత. మీ అగ్గిపెట్టెలోని గులాబీ రేణువు పక్కన పెట్టి పోల్చండి. వాన, ఎండ, చెట్ల వేళ్లు కలిసి రాయిని పొడి చేస్తే గెడ్డలు, అంటే కొండవాగులు, నదిలోకి, నది సముద్రంలోకి మోసుకుపోయాయి. పొద్దున మీ కాళ్లకంటుకున్నది ఇలాంటి కొండే.

దారిలో లోయలోకి దిగే గెడ్డలు కనబడతాయి. రాళ్ల మీద పచ్చగా ఉన్న నాచు సబ్బుకంటే జారుడు. గుంటలోకి తలకిందులుగా దూకవద్దు, అడుగున బండ ఎంత లోతులో ఉందో నీటి మీంచి తెలియదు. గెడ్డ ఒడ్డున కూర్చునేముందు నీటి అంచున ఉన్న రాయి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ రాయి మునిగిందంటే, తేటనీరు బురదరంగు తిరిగిందంటే, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే, హోరు పెరిగిందంటే, సంచులు వదిలేసి పక్క గట్టు పైకి ఎక్కండి. నీటి వెంట కిందికి పరుగెత్తకూడదు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ కొండలో వాన పడితే చాలు, గెడ్డకు వరద వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పక్కనే ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అక్టోబరులో ఈ యాత్ర పెట్టమని ఎవరినీ అడగకండి.

పెద్ద లోయ చూడాలని మీకుందని తెలుసు. కంధమాల్ జిల్లాలో మందసరు ఉంది, 2019లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. మహానది తూర్పు కనుమల్ని కోసుకుంటూ 22 కిలోమీటర్లు పారే సాతకోసియా ఇంకా దూరం. సముద్రంతో కలిపి ఒక్కరోజులో వీటిలో ఏదీ కుదరదు. కుదురుతుందని చెప్పే బస్సు రాత్రిపూట ఘాటు దిగే బస్సు, అది ఎక్కకండి.

నాలుగింటికల్లా దిగడం మొదలవ్వాలి. డ్రైవరు బాబాయి తక్కువ గేరులో, ఇంజను గోల చేస్తుండగా మెల్లగా దిగుతుంటే "ఇంకాస్త స్పీడు" అని అరవకండి. బ్రేకు మీదే కాలేసి దిగితే బ్రేకులు కాగి పట్టు తప్పుతాయి. మాడు వాసన వస్తే వెంటనే చెప్పండి. ఎదురుగా పైకి వచ్చే బండికి దిగేవాళ్లే దారి ఇవ్వాలి, ఆగి ఇస్తాడు, ఆలస్యమవుతుంది.

బస్సు కదిలే ప్రతిసారీ గైడు లెక్కపెడతాడు, మీ జత మనిషి లేకపోతే లెక్క తేలేదాకా ఆగమని చెప్పాల్సింది మీరే. ఆదివారం 5:15కే వచ్చి నిలబడండి. పొడి చొక్కా, తువ్వాలు, అగ్గిపెట్టె.

మీ తాతయ్య