మోటారుతో తిరిగే, లైట్లతో వెలిగే లెగో మోడళ్లు: అపోహలు - వాస్తవాలు

రంగులరాట్నం కావచ్చు, గాలిమర కావచ్చు, జెయింట్ వీల్ కావచ్చు. కదిలే మోడల్ కట్టేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించేది ఒకటే: చేత్తో తిప్పితే తిరిగింది, మోటారు పెడితే ఆగిపోయింది. దోషం మోటారుదే అయ్యేది చాలా అరుదు.

అపోహ: తిరగకపోతే ఇంకా పెద్ద మోటారు పెట్టాలి.

వాస్తవం: ముందు మోటారు తీసేసి, ఇరుసును రెండు వేళ్లతో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగకపోతే పెద్ద మోటారు చేసే పనల్లా బలహీనమైన చోట బ్రిక్కులను ఊడదీయడమే. గేర్లను మోటారు వైపు నుంచి ఒక్కొక్కటిగా విడదీస్తూ వెళ్తే బిగుసుకున్న చోటు తెలుస్తుంది. తరచుగా పట్టుబడే దొంగ బుష్, అంటే ఇరుసు మీద తొడిగే చిన్న రింగు. ఇరుసు జారిపోతుందనే భయంతో దాన్ని బీమ్‌కు (రంధ్రాలున్న కడ్డీకి) ఆనించి అదిమేస్తారు. మధ్యలో ఒక కాగితం దూరేంత సందు ఉండాలి. ఒకే ఇరుసును నాలుగైదు బీమ్‌ల గుండా పోనిస్తే రంధ్రాలన్నీ ఒకే సూటిలో కుదరవు, రాపిడి పెరుగుతుంది. రెండు చోట్ల ఆనిస్తే చాలు.

రాపిడి తగ్గాక కూడా బరువు లాగలేకపోతే గేర్లు మార్చండి. 8 పళ్ల గేరు 40 పళ్ల గేరును తిప్పితే వేగం ఐదో వంతుకు పడిపోతుంది, బలం దాదాపు ఐదింతలవుతుంది. అదే జతను వరుసగా రెండుసార్లు వాడితే 25:1. లెగో వారి పవర్ ఫంక్షన్స్ శ్రేణిలోని ఎం మోటారు 9 వోల్టుల దగ్గర, బరువేమీ లేనప్పుడు నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది. అంటే 25:1తో రాట్నానికి నిమిషానికి 16 చుట్లు, బరువు పడ్డాక ఇంకాస్త తక్కువ. చూడటానికి అదే బాగుంటుంది.

అపోహ: పళ్లు టకటకమని జారుతున్నాయంటే గేరు అరిగిపోయినట్టే.

వాస్తవం: అరిగినవి కావు, దూరం జరిగినవి. 8, 24 పళ్ల గేర్లకు ఇరుసుల మధ్య 16 మి.మీ., అంటే 2 స్టడ్‌లు (బ్రిక్కు మీది బుడిపెలు, ఒక్కోదానికి 8 మి.మీ.) కావాలి. 8, 40 పళ్లకు 3 స్టడ్‌లు. అడ్డంగా కట్టినప్పుడు ఇది సులువే. నిలువుగా కట్టినప్పుడే చిక్కు, ఎందుకంటే బ్రిక్ ఎత్తు 8 కాదు, 9.6 మి.మీ. రంధ్రాలున్న రెండు బ్రిక్కుల మధ్య రెండు ప్లేట్లు (3.2 మి.మీ. పలుచని ముక్కలు) పెట్టండి: 9.6 + 3.2 + 3.2 = 16. లెక్క సరిపోయింది. ఆ రెండు రంధ్రాలకే ఒక బీమ్‌ను నిలువుగా పిన్నులతో బిగిస్తే వరుసలు విడిపోవు. జిగురు ఊసే అక్కర్లేదు.

అపోహ: వర్మ్ గేరు (మరలా ఉండే గేరు) ఒక్కటి ఉంటే మిగతా గేర్లెందుకు?

వాస్తవం: 24 పళ్ల గేరుతో ఒక్క మెట్టులోనే 24:1 వస్తుంది, మోటారు ఆపాక బరువు వెనక్కి జారదు. లిఫ్టుకూ ఎత్తే వంతెనకూ బంగారమే. కానీ రాపిడిలో చాలా బలం పోతుంది. పైగా వంతెన చివరికంటా లేచాక కూడా అది తోస్తూనే ఉంటుంది, ఏదో ఒకటి విరగాల్సిందే. అందుకే జతగా తెల్లని 24 పళ్ల క్లచ్ గేరు వేయండి. లోడు మితిమీరితే అది లోపలే జారుతుంది.

అపోహ: లైట్లు చివర్లో అతికించుకోవచ్చు.

వాస్తవం: గోడలు లేవకముందే తీగ దారి తేలాలి. తీగ స్టడ్‌ల మధ్య సందులోంచి పోవాలి. స్టడ్ మీద పడి నలిగితే పైబ్రిక్కు కూర్చోదు, తీగా తెగుతుంది. తిరిగే భాగంలో లైట్లుంటే తీగ కొన్ని చుట్లకే మెలికపడుతుంది. దానికి దారులు మూడు: బ్యాటరీని తిరిగే భాగం నడిమధ్యలో పెట్టడం, స్లిప్ రింగ్ (తిరుగుతున్నా కరెంటు అందించే రింగు) వాడటం, లేదా కింద కదలని లైటు పెట్టి పైన పారదర్శక బ్రిక్కులు వేయడం. మూడోదే అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది.

మోటారుకూ లైట్లకూ ఒకే లైను ఇస్తే వేగం తగ్గించినప్పుడల్లా వెలుగూ తగ్గుతుంది. వేర్వేరుగా ఇవ్వండి. విడి ఎల్ఈడీలు వాడితే ఒక్కోదానికి కరెంటును అదుపు చేసే ఒక్కో రెసిస్టర్ తప్పదు. 5 వోల్టుల మీద 20 మిల్లీ ఆంపియర్లకు, సుమారు 3 వోల్టులు తీసుకునే తెల్లదానికి 100 ఓంలు, 2 వోల్టుల ఎర్రదానికి 150 ఓంలు.

అపోహ: రీఛార్జబుల్ బ్యాటరీలు పనికిరావు.

వాస్తవం: ఆరు బ్యాటరీలు కలిపితే మామూలు ఆల్కలైన్ వాటి 9 బదులు 7.2 వోల్టులు వస్తాయి, కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. అంతే. లోడు పడితే ఆల్కలైన్ వోల్టేజీ కూడా పడిపోతుంది కాబట్టి ఆ తేడా అనుకున్నంత ఉండదు. పాతవీ కొత్తవీ మాత్రం కలపకండి.

అపోహ: కాస్త నూనె వేస్తే సాఫీగా తిరుగుతుంది.

వాస్తవం: వద్దు. కొన్ని పెట్రోలియం నూనెలు బ్రిక్కుల ఏబీఎస్ ప్లాస్టిక్‌ను పగలగొడతాయి, దుమ్మూ పట్టేస్తుంది. ఇరుసు చుట్టూ పొడి రాలుతుంటే దాని వరుస తప్పిందన్నమాట. ఊడదీసి మళ్లీ బిగించండి.