ఇటలీ పాత బంగారు నాణేలు: వేలం వార్తలు చదివి నమ్మే అపోహలు

ఏదో ఇటలీ బంగారు నాణెం వేలంలో భారీ ధర పలికిందని వార్త రాగానే "మా దగ్గరా పాతది ఉందండీ, ఎంతొస్తుంది?" అని ఫోన్లు మొదలవుతాయి. నాణేలు పరిశీలించడం నా పని కాబట్టి, తరచూ వినేవాటికి ఇక్కడే జవాబు చెప్తాను.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

వాస్తవం: వెనిస్ 1284లో డకాట్ అనే నాణెం మొదలుపెట్టింది. మూడున్నర గ్రాములు, దాదాపు మేలిమి బంగారం. 1797లో ఆ రాజ్యం కూలేదాకా బొమ్మ పెద్దగా మారలేదు. అన్నేళ్లు ముద్రించారు కాబట్టే పద్నాలుగో శతాబ్దపు డకాట్లు కూడా వేలాల్లో తరచూ కనిపిస్తాయి, చాలావాటికి అందుబాటు ధరే. అదే 1937 నాటి వంద లీరాల (లీరా అంటే ఇటలీ పాత కరెన్సీ) బంగారు నాణేనికి ఇంకా వందేళ్లు కూడా నిండలేదు. అంతకుముందు ఏడాది ముస్సోలినీ ప్రభుత్వం లీరా విలువ తగ్గించడంతో దాని బరువు 8.8 నుంచి 5.2 గ్రాములకు దిగింది. వేసినవి 249 మాత్రమే. బంగారం తగ్గినా దీనికే గిరాకీ ఎక్కువ. తూకం వేసి ధర కట్టేవాళ్లకు ఇది మింగుడుపడదు.

అపోహ: తక్కువ ముద్రిస్తే అరుదు.

వాస్తవం: సగమే నిజం. ఎన్ని మిగిలాయన్నది అసలు లెక్క. ముస్సోలినీని అధికారంలోకి తెచ్చిన ఫాసిస్టుల 'రోమ్ యాత్ర'కు ఏడాది నిండినప్పుడు, 1923లో, వంద లీరాలవి 20,000 వేశారు. జనం జ్ఞాపకంగా దాచుకున్నారు, అందుకే నేటికీ దొరుకుతాయి. చేతులు మారుతూ తిరిగిన నాణేలైతే ఎన్నో కొలిమిలో కరిగిపోయాయి.

అపోహ: తోమితే రేటు పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. చింతపండు, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. ఆ సన్నటి గీతలు భూతద్దంలో ఇట్టే దొరికిపోతాయి. గీటురాయి మీద రుద్దించడం ఇంకా ఘోరం, అంచు అరిగిపోతుంది. బంగారం స్వచ్ఛత చూడాలంటే గీత పడకుండా పరీక్షించే ఎక్స్‌రే యంత్రాలున్నాయి.

అపోహ: మా నాయనమ్మ కాసుల గొలుసులో వెనిస్ బొమ్మ ఉంది, లక్షలే!

వాస్తవం: ఈ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. వెనిస్ నాణేలు వర్తకంలో దక్షిణాదికి నిజంగానే వచ్చాయి, మెడలో నగలయ్యాయి. గిరాకీ చూసి మన కంసాలులూ అలాంటివే చేశారు. అసలుదానిలో వెనిస్ రక్షక సాధువు సెయింట్ మార్క్ ముందు వెనిస్ పాలకుడు మోకరిల్లి జెండా కర్ర పట్టుకుని ఉంటాడు, నాణెం రెండో వైపు క్రీస్తు. చుట్టూ లాటిన్ అక్షరాలు. నకలు చేసినవాళ్లకు లాటిన్ రాదు కదా, అక్షరాల చోట అర్థం లేని గీతలు కనిపిస్తాయి. ముందు అది చూడండి. నకలైనా బంగారం మంచిదే కావచ్చు, పైగా వీటిని ఇష్టపడి సేకరించేవాళ్లున్నారు. నాకూ ఇవంటేనే సరదా. అసలుదే అయినా రంధ్రం పడితే, కొక్కెం అతికిస్తే సేకర్తలిచ్చే ధర బాగా తగ్గుతుంది.

అపోహ: వార్తలో వేసిన మొత్తం అమ్మినవాళ్లకే.

వాస్తవం: వార్తలో చాలాసార్లు కొన్నవాళ్లు కట్టే అదనపు రుసుమూ కలిసే ఉంటుంది. హామర్ ధర (పాటలో ఖరారైన ధర) మీద 20 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వేయడం మామూలే. అమ్మినవాళ్ల దగ్గరా కమీషన్ కోస్తారు.

ఇటలీలో వేలానికి పెట్టినదాన్ని కొనాలనుకుంటే మాత్రం పాట మొదలయ్యేలోపే ఎగుమతి అనుమతి ఉందా అని అడగండి. అరుదైన పాత నాణేలను అక్కడి 2004 నాటి చట్టం సాంస్కృతిక సంపదగా చూస్తుంది. కాగితాలు లేకపోతే డబ్బు కట్టాక కూడా నాణెం దేశం దాటదు.